జిల్లాకు ఆడిన రోజు

రత్నం సార్ పోయారని వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వాకిట్లో కూర్చుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాను. "పొద్దున్నే పోయారంకుల్. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా మీకు మాత్రం చెప్పాలని నాన్న ఎప్పుడూ అంటుండేవారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను: మొదట కలిగింది ఊరట. ఇక ఆ మనిషి ఎదుట నోరు మూసుకుని కూర్చునే పని నాకు లేదు. ఆ ఊరట కలిగిన మరు నిమిషంలో నా మీద నాకే రోత పుట్టింది. చేతికున్న ఆముదం తుడుచుకుని, అంగీ తొడుక్కుని, వాళ్ళబ్బాయి ఉండే తెల్లాపూర్ పోవడానికి రోడ్డెక్కాను.

ఈ సంగతి రాస్తానని యాదగిరితో అన్నప్పుడు వాడు ఇంకో బీడీ ముట్టించాడు. యాదగిరి మా ఊరివాడే, నాతోపాటే ఫ్యాక్టరీలో చేరాడు, ఇప్పుడు రుద్రారంలో హాస్టళ్ళకు కూరగాయలు తోలే ఆటో నడుపుతున్నాడు. చివరికి, "రాస్తే రాస్కో. నా పేరు మాత్రం మార్చు" అన్నాడు. మార్చాను. రత్నం సార్ పేరు కూడా అది కాదు. ఫ్యాక్టరీ పేరు అసలే రాయను. సార్ భార్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లలిద్దరూ ఇంగ్లీషు చదువులు చదివారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. నా ధైర్యం ఎప్పుడూ ఈపాటిదే.

మా ఊరు రుద్రారం నుంచి లోపలికి పోయే దారిలో ఉంది. నా చిన్నప్పుడే మా భూమిలో సగం ఫ్యాక్టరీల కిందికి పోయింది, మిగిలిన సగంలో జొన్న వేసేవాళ్ళం. మా నాయిన పొద్దు చూసి కాక సైరన్లు విని లేచేవాడు. ఆరింటిది ఒక కంపెనీది, రెండింటిది ఇంకొక దానిది, దేని గొంతు ఏదో ఆయనకు తెలుసు. నేను డ్యూటీ దిగి రాగానే మా అవ్వ, అంటే అమ్మ, గడప దాటనిచ్చేది కాదు. "అంగీ ఆడ్నే ఇడువు కొడుకా, రొట్టెలకు వాసన పడ్తది" అనేది. కొట్టం వెనక ఒక పాత బకెట్ నా బట్టల కోసమే ఉండేది. సోడా వేసి నానబెట్టి, బండ మీద బాది, ఇంటి బట్టలకు తగలకుండా విడిగా తీగ మీద ఆరేసేది. అయినా పోయేది కాదు. కుళ్ళిన వెల్లుల్లి వాసన, దాని అడుగున ఏదో మాడిన తీపి. పెళ్ళికి పోయి బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళు ముక్కు నలుపుకుని, "కెమికల్ల చేస్తవా?" అనేవాళ్ళు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఈ వాసనలోనే ముసలివాణ్ణయిపోతానేమోనని భయంగా ఉండేది. అట్లాగే అయ్యాను కూడా.

ఆ వాసన మరిచిపోయే చోటు ఒక్కటే, మా కబడ్డీ బరి. జొన్న కోసేశాక మా చేను చివర ఒక ముక్కను దున్ని, రాళ్ళు ఏరి, మట్టి జల్లించి, నీళ్ళు చల్లి తొక్కి మెత్తన చేసేవాళ్ళం. సున్నంతో గీతలు పోసేవాళ్ళం. పొద్దుగూకేదాకా ఆట. ఇంటికొచ్చాక అవ్వ మోచేతుల గీరులకు పసుపు అద్దుతూ తిట్టేది. నేను కుడి మూల ఆడేవాణ్ణి. మూలన ఉన్నవాడి పని ఒక్కటే, కూతకొచ్చినవాడి చీలమండ పట్టుకోవడం, వాడి దమ్ము అయిపోయేదాకా వదలకపోవడం. నాకు అంతకన్నా తెలివితేటలు లేవు గానీ, పట్టుకుంటే వదిలేవాణ్ణి కాదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో, జిన్నారం దాకా, పోటీలకు పోయేవాళ్ళం. గెలిస్తే స్టీలు బిందెనో, గోడ గడియారమో ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో బిందెలు ఎన్నయ్యాయంటే, అవ్వ ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో చింతపండు పోసుకునేది.

బిందెలు గెలిచినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. జిల్లాకు ఆడినవాడు మాత్రం మా ఊరు మొత్తంలో ఒక్కడే, పోచయ్య మామ. అప్పటికి మాది మెదక్ జిల్లా. ఆయన ఆడింది ఒక్క మ్యాచ్, అందులోనూ సగం ఆటే, ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు. అయినా ఆయన పెళ్ళి పత్రికలో పేరు కింద 'జిల్లా కబడ్డీ క్రీడాకారుడు' అని అచ్చు వేశారు. పాతికేళ్ళ తర్వాత కూతురి పెళ్ళి పత్రికలోనూ అదే మాట వేయించాడు. హోటల్‌కు పోతే ఎవరో ఒకరు బెంచీ మీద జరిగి చోటు ఇచ్చేవాళ్ళు. పోలీసులు ఊళ్ళోకొస్తే ముందు ఆయన్నే పిలిచి మాట్లాడేవాళ్ళు. మేము నవ్వుకునేవాళ్ళం, కానీ ఆ నవ్వులో కుళ్ళు ఉండేది. జిల్లా జట్టంటే అన్ని ఊళ్ళల్లోంచి, ఫ్యాక్టరీల్లోంచి, కాలేజీల్లోంచి ఏరిన పన్నెండు మంది. నిన్నటిదాకా మన పక్కటెముకలు విరగ్గొట్టాలని చూసినవాడు ఆ ఒక్కరోజు మన భుజం మీద చెయ్యి వేసి నిలబడతాడు. పైసా ఇవ్వరు, బస్సు కిరాయి ఇస్తారు. తొడుక్కున్న జెర్సీ కూడా ఆట అయిపోగానే వెనక్కి తీసుకుంటారు, మళ్ళీ ఏడాది వేరేవాళ్ళకు కావాలి కాబట్టి. మిగిలేది పేరు, దానితోపాటు తారీఖు వేసి సంతకం పెట్టిన ఒక కాగితం.

మా నాయినకు ఆటంటే గిట్టేది కాదు గానీ ఆ కాగితమంటే ఇష్టం. మా వైపు ఉన్న సర్కారు ఫ్యాక్టరీల్లో ఆటల కోటా ఉండేది. జిల్లాకు ఆడినట్టు కాగితముంటే ఇంటర్వ్యూకు పిలిచేవాళ్ళు. అక్కడ నౌకరీ అంటే క్వార్టరు, దవాఖానా, పిల్లలకు బడి, అన్నిటికన్నా ముందు ఆ కంపు నుంచి విడుదల. "ఆ కాయిదం ఒక్కటి తే బిడ్డా. ఈ కంపు నౌకరి మొఖం మల్ల సూడకు" అనేవాడు నాయిన, జొన్నరొట్టె తుంచుకుంటూ, నా వైపు చూడకుండా. నాకు ఇంకేం కోరిక లేదప్పుడు. పెళ్ళి కూడా ఆ తర్వాతే అనుకున్నాను.

ఫ్యాక్టరీలో రత్నం సార్ మా షిఫ్టు ఇన్‌చార్జి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రామచంద్రాపురంలో ఇల్లు తీసుకుని ఉండేవారు. ఆ గోడల మధ్య తెల్ల చొక్కా వేసుకొచ్చే మనిషి ఆయనొక్కరే. కేకలు వేసేవారు కాదు. తప్పు చేస్తే దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఏవయ్యా, ఇంట్లో కూడా ఇట్లాగే చేస్తావా?" అని అడిగేవారు. దానికన్నా తిట్టినా బాగుండేది. షిఫ్టు దిగేటప్పుడు గేటు పక్కన నిలబడి, బయటికి పోయేవాళ్ళను పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవారు. అది ఆయన డ్యూటీ కాదు, దానికి హాజరు చూసే టైమాఫీసు ఉంది. "సార్ మనల్ని గొర్లనుకుంటుండు" అని యాదగిరి వెక్కిరించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

సంగారెడ్డి గ్రౌండులో సెలెక్షన్ ఒక ఆదివారం జరిగింది. పన్నెండు పేర్లు చదివితే నాది తొమ్మిదో పేరు. ఆ సాయంత్రం ఊళ్ళోకి వస్తే పోచయ్య మామ తానే ఎదురొచ్చి, "ఇగ నాకు జోడు దొరికిండు" అని నన్ను కావలించుకున్నాడు. నాయిన ఆ రాత్రి కల్లు తెచ్చుకున్నాడు. మ్యాచ్ మాత్రం ఆదివారం కాదు, వారం మధ్యలో, నా మొదటి షిఫ్టు రోజున పడింది. అప్పటికి నేను పర్మనెంటు కాదు. చెప్పకుండా మానితే పేరు తీసేస్తారు. సెలవు కోసం రత్నం సార్ దగ్గరికి పోయాను.

"సార్, జిల్లాకు ఆడాలె. ఒక్క రోజు."

"ఏ రోజు?" అని రిజిస్టరు తిప్పారు. "ఆ రోజు రియాక్టరులో బ్యాచి దిగుతుంది మల్లేశం. ఇద్దరు ఇప్పటికే సెలవులో ఉన్నారు. నువ్వూ లేకపోతే వెనక షెడ్డులో పంపు చూసుకోడానికి మనిషి లేడు."

"మల్ల రాదు సార్, ఈ చాన్సు."

"వస్తుందయ్యా. నీ వయసెంతా? వచ్చే ఏడు నేనే పంపిస్తాను, సరేనా?"

ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే పంపేవారేమో. కానీ ఆటలో వచ్చే ఏడు అనేది ఉండదు. మోకాలు ఎప్పుడు పోతుందో, ఇంకా గట్టి కుర్రాడు ఎక్కడ లేస్తాడో ఎవరికి తెలుసు. క్యాంటీన్‌లో తల పట్టుకుని కూర్చుంటే యాదగిరి వచ్చాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకురా? నీ కార్డు నేను గుద్దుత. నీ షెడ్డుకు ఎవడొస్తడు? సారు తిండికి ముందొకసారి, తిన్నంక ఒకసారి. పంపు నేను సూసుకుంట" అన్నాడు.

కార్డు గుద్దడమంటే మా దగ్గర తప్పు కాదు. గేటు లోపల గోడకు అందరి కార్డులూ వరసగా ఉండేవి. ఎవరి కార్డు వాళ్ళు గడియారం నోట్లో పెట్టి గుద్దితే టైము పడుతుంది. కోతలప్పుడు, ఎవరన్నా పోయినప్పుడు, పెళ్ళిచూపులప్పుడు ఒకరి కార్డు ఒకరు గుద్దేవాళ్ళం. నేను యాదగిరికి రెండుసార్లు గుద్దాను, వాడి చెల్లె పెళ్ళికి ఒకసారి, ఉత్తి పుణ్యానికి ఒకసారి. లేని మనిషిని లోపల ఉన్నాడని రాయించడం మాకు మోసంలా తోచేది కాదు. అన్నం తినే చోట ఒకరికొకరు చేసుకునే సాయమనుకునేవాళ్ళం.

ఆ పొద్దున డ్యూటీ బట్టల్లోనే ఇంట్లోంచి బయల్దేరాను. సెలవు ఇవ్వలేదని ఊళ్ళో అందరికీ తెలుసు, నాయినకు నిజం చెబితే నౌకరీ పోతుందని గొడవ పెడతాడు. ఫ్యాక్టరీ బస్సు ఎక్కకుండా రోడ్డు దాటి సంగారెడ్డి బస్సెక్కాను. గ్రౌండులో ఒక ఇనుప పెట్టె తెరిచి జెర్సీలు పంచారు. కలరా ఉండల వాసన, చంకల దగ్గర ముందటివాళ్ళ చెమట మరకలు. నాకు వచ్చినది కొంచెం బిగువు. వీపు మీద జిల్లా పేరు. తొడుక్కుని, కిందికి గుంజి సరిచేసుకుని, ఒకసారి వాసన చూసుకున్నాను. వెల్లుల్లి వాసన లేదు.

ఆ ఆట గురించి ఎంతయినా రాయగలను, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఒక్క ముక్క కూడా అరిగిపోలేదు. నాకు సెలవు లేదని తెలుసు కాబట్టి మా ఊరివాళ్ళెవరూ చూడటానికి రాలేదు. అవతల నిజామాబాద్ జట్టు. వాళ్ళ కూతగాడు ఒకడు పొడుగ్గా, సన్నగా, పాములా జారిపోయేవాడు. మొదట రెండుసార్లు నన్ను తాకి పోయాడు. మూడోసారి వాడు కాలు గీత మీదికి చాపడం చూశాను, వంగి చీలమండ అందుకున్నాను. వాడు నన్ను నడిగీత దాకా ఈడ్చాడు. మోచేతులు కాలిపోతున్నాయి. దమ్ము పోయి వాడి కూత ఆగినప్పుడు, పటాన్‌చెరు జట్టులో ఆడే ఒకడు, ఆర్నెల్ల కిందట నా భుజం జారగొట్టినవాడు, నన్ను లేపి, "శెభాష్ తమ్మీ" అని వీపు మీద చరిచాడు. అట్లా మూడుసార్లు పట్టాను. రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఎవరూ బాధపడలేదంటే నమ్మండి. నా పేరు రాసిన కాగితం చేతికిచ్చారు, కింద ఆ రోజు తారీఖు, పక్కన గుండ్రటి ముద్ర. జెర్సీ విప్పి పెట్టెలో వేసి, మళ్ళీ డ్యూటీ అంగీ తొడుక్కున్నాను.

మా ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగేసరికి యాదగిరి నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏమైందని అడిగేలోపే నా రెక్క పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"పొద్దుగాల పదకొండు కొట్టంగ రియాక్టరు మూత కాడ పేలింది. అంత తెల్ల పొగ. అందరం గేటు బయటికి ఉరికినం. టైమాఫీసు ఆయన కార్డులు తెచ్చి పేర్లు సదివిండు. అందరున్నరు. నువ్వు లేవు."

"చెప్పలేదా నువ్వు?"

"మేనేజరు ఆడ్నే నిలబడ్డడురా. ఎట్ల చెప్త? జెరసేపు ఆగి సారుతో చాటుకు చెప్దామనుకున్న. గంతలనే సారు తడి తువ్వాల మూతికి కట్టుకుని లోపలికి పోయిండు. 'మల్లేశం, మల్లేశం' అని ఒర్రుకుంట పోయిండు. బయటికి ఇనబడ్తనే ఉండె."

 సార్ వెనక షెడ్డంతా వెతికారట, డ్రమ్ముల వెనక, పంపు గుంతలో, మెట్ల కింద. ఎంతసేపో యాదగిరికి తెలియదు. కేకలు ఆగిపోయాక ఇద్దరు లోపలికి పోయి మోసుకొచ్చారు. అప్పుడు వీడు మేనేజరుతో, మల్లేశం వెనక గోడ దుంకి పోవడం నేను చూశానని చెప్పాడు. "ఇగ నువ్వు గదే చెప్పాలె. లేకుంటే ఇద్దరం పోతం" అన్నాడు. కాగితం నా జేబులో ఉంది. దాన్ని యాదగిరి అడగలేదు, నేను చూపించలేదు.

మర్నాడు దవాఖానాకు పోయాను. నిజం చెప్పేయాలనే పోయాను, ఇది కూడా నమ్మండి. రత్నం సార్ మూతికి గొట్టం ఉంది. నన్ను చూడగానే చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నారు. గొట్టం పక్కకు జరుపుకుని, "గోడ దూకావంటగా. పోన్లే. ఒక్క కేక వెయ్యొద్దుటయ్యా?" అన్నారు. ఆయన భార్య సావిత్రమ్మ గారు నా వైపు తిరిగి దండం పెట్టారు. "రాత్రంతా నీ పేరే బాబూ. నువ్వు బతికే ఉన్నావని చెప్పాకే కాస్త నిద్రపోయారు. ఒక్క మనిషి కూడా పోలేదు, ఒక్క మనిషి కూడా పోలేదు అని ఒకటే మాట" అన్నారు. ఆవిడ ముందు నేనేం చెప్పగలను? లేని మనిషి కోసం మీ ఆయన ఊపిరితిత్తులు కాల్చుకున్నాడని చెప్పనా? రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపటి కోసం ముప్పై ఏళ్ళు తిరిగాను.

సార్ మళ్ళీ పూర్తిగా తేరుకోలేదు. పది అడుగులు నడిస్తే ఆగేవారు. ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు, తర్వాత అదీ మానేశారు. విచారణలో అందరం వాంగ్మూలాలు రాశాం. నేను గోడ దూకానని రాసి సంతకం పెట్టాను. ఎవరూ చావలేదు కాబట్టి కంపెనీ సంతోషించి, ఆ ఏడే నన్ను పర్మనెంటు చేసింది. కొన్నాళ్ళకు సర్కారు ఫ్యాక్టరీ నుంచి ఆటల కోటా దరఖాస్తులు పిలిచారు. ఇప్పుడు పనిచేసే కంపెనీ ద్వారానే పంపాలి, జిల్లాకు ఆడిన కాగితం జత చేయాలి. ఆ రోజు నా కార్డు పట్టుకుని నా పేరు చదివిన టైమాఫీసు మనిషే ఆ దరఖాస్తు తీసుకునేవాడు. కాగితం మీద తారీఖు చూస్తే చాలు. దేని కోసం పోయానో అదే నా మెడకు చుట్టుకుంది. దాన్ని పంపలేదు, చింపలేదు. నాయినతో, ఆడలేదు కదా, కాగితం ఎక్కడిదని అన్నాను. ఆయన ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు. ఆ ఫ్యాక్టరీలోనే ఇరవై తొమ్మిదేళ్ళు చేసి దిగాను.

ఊళ్ళోవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. "మన ఊరికి రెండో జిల్లా ప్లేయర్ కావాల్సినోడు. ఆ ఆంధ్రా సారు అడ్డం పడ్డడు" అని పోచయ్య మామ హోటల్లో నలుగురిలో అంటుంటే నేను చాయ తాగుతూ కూర్చున్నాను. ఆయన అడ్డం పడలేదు, నేను ఆడాను, మూడుసార్లు పట్టాను అని నోటి దాకా వచ్చేది. మింగేవాణ్ణి. మోకాలు పోయిందని చెప్పి ఆట మానేశాను. నా పెళ్ళి పత్రికలో నా పేరు కింద ఏమీ లేదు. మా ఆవిడకు కూడా ఈ సంగతి తెలియదు, ఇది అచ్చయితేనే తెలుస్తుంది. పోచయ్య మామ పోయినప్పుడు, జిల్లాకు ఆడిన ఒకే ఒక్క మనిషి పోయాడని ఊరంతా కదిలింది. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

అన్నిటికన్నా ఘోరం రత్నం సార్ మాట. ఆయన కూడా పోచయ్య మామ పాటే పాడేవారు. ఏటా దసరాకు నేను జమ్మి ఆకు పట్టుకుని పోయి కాళ్ళకు మొక్కితే, లేపి పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఆ రోజు సెలవిచ్చుంటే జిల్లాకి ఆడేవాడివి. ఆ షెడ్డులో ఉండేవాడివే కాదు. రెండు విధాలా నీకు అన్యాయం చేశానయ్యా" అనేవారు. ఎవరొచ్చినా అదే చెప్పి నన్ను చూపించేవారు. చిత్రమేమిటంటే ఆయనకు కబడ్డీ అంటే ఏమీ తెలియదు. నా కోసమే టీవీలో చూడటం మొదలుపెట్టారు. రబ్బరు పరుపుల మీద, మెరిసే జెర్సీల్లో, వేలంలో కొన్న ఆటగాళ్ళు ఆడుతుంటే, "నువ్వు ఏ చోట ఆడేవాడివి? ఇదుగో, ఈ మూలేనా?" అని వేలు పెట్టి అడిగేవారు. అవును సార్ అనేవాణ్ణి. ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు అసూయ లేదు. మా బరి ఉన్న చోట ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలుంది, పిల్లలు ఆ మేడ మీద క్రికెట్ ఆడుకుంటారు. జిల్లాకు ఆడిన కుర్రాళ్ళు జెర్సీ ఇంటికే తెచ్చుకుంటారు, బస్సు దిగకముందే ఫోటో ఫోన్లలో తిరుగుతుంది. ఎక్కడున్నావంటే దాచలేరు. మా కాలంలోనే ఒక మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఉండగలిగేవాడు.

ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. నేను ఆడాను సార్ అని చెబితే, సెలవివ్వలేదన్న బరువు ఆయన మీద నుంచి దిగిపోతుంది. కానీ ఆ మాటతోనే, ఆయన వెతికింది ఖాళీ షెడ్డని తెలిసిపోతుంది. ఒక్క మాటతో ఆయన పాపం పోతుంది, అదే మాటతో ఆయన పుణ్యమూ పోతుంది. ఊపిరి సగమైన మనిషికి ఏది తీసేస్తే మేలు? నా నౌకరీ పోతుందన్న భయం ఫ్యాక్టరీ నుంచి దిగడంతో పోయింది. ఆ తర్వాత కూడా చెప్పలేకపోయానంటే ఈ లెక్క తేలకపోవడం ఒకటి. పిరికితనం ఇంకొకటి. ఏది ఎంతో నాకే తెలియదు.

ఆయన పోవడానికి నెల ముందు, రమ్మన్నారంటే పోయాను. తెల్లాపూర్‌లో కొడుకు ఫ్లాటు, పద్నాలుగో అంతస్తు. మంచం పక్కన గాలి మిషను గుయ్యిమంటోంది. ముక్కుకు గొట్టాలు. చిక్కి సగమయ్యారు. కోడలు కుర్చీ తెచ్చి వేసి వంటింట్లోకి పోయింది. సార్ నా చెయ్యి తీసుకున్నారు, అదే మణికట్టు దగ్గర. రెండు మాటలకొకసారి ఆగుతూ, "మల్లేశం, ఒక్కటి మిగిలింది. ఆ మ్యాచి" అన్నారు.

"అదేం లేదు సార్. ఎన్నడో అయిపోయిన ముచ్చట."

"నాకు కాలేదయ్యా. వచ్చే ఏడు పంపిస్తానన్నాను. పంపలేదు." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు. "నన్ను క్షమించానని ఒక్కసారి అను. విని పోతాను."

చెప్పడానికి నోరు తెరిచాను. సార్, ఆ రోజు నేను సంగారెడ్డిలో ఉన్న. జిల్లాకు ఆడిన. అంతే, రెండు ముక్కలు. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. ఛాతీ లేస్తోంది, పడుతోంది, లేవడానికి చాలాసేపు పడుతోంది. ఆ ఛాతీ నా పేరు పిలిచి పిలిచి అట్లా అయింది. ఆయన వేళ్ళల్లో బలం లేదు, అయినా నా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

"క్షమించిన సార్" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, తల ఊపి, కోడల్ని పిలిచారు. "అమ్మా, మల్లేశానికి అన్నం పెట్టు" అన్నారు. ఆ అమ్మాయి పళ్ళెం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నేను తినడం మొదలుపెట్టేదాకా ఆయన అటే చూస్తూ ఉన్నారు. తిన్నాను.